పానమున మితము: క్రైస్తవ దృష్టి



నేడు నేను ప్రసంగింపబోవు విషయము మీలో కొందఱకు రుచింపకపోవచ్చును. రచ్చబండ మీద కూర్చుండి వినుచున్న పెద్ద లెవరైనను, "ఈ ముసలి అయ్యవారికి బుద్ధి చలించినదా యేమి? సంఘములో పెద్దయై యుండి బీరును గూర్చి మాటాడునా?" అని అనుకొనవచ్చును. కొంచెము ఓపిక పట్టి కడవఱకు వినుడని వేడుచున్నాను. నేను మద్యము ముట్టినవాడను గాను. ఇకముందు ముట్టబోవు వాడనును గాను. అయినను ఈ విషయమున నిజము నిజముగా చెప్పవలసిన అవసరము నాకు కలిగినది. అది యెట్లు కలిగెనో ముందుగా విన్నవింతును.

నేను క్రైస్తవ కుటుంబమున పుట్టినవాడను. మా తండ్రిగారు నన్ను చిన్ననాడే మా యూరి శాస్త్రులవారి యొద్ద ఉంచి అమరము, రఘువంశము, బాలవ్యాకరణము చెప్పించిరి. ఆ మహానుభావుడు కులమతముల నెంచక తన వీథియరుగు మీద నన్ను కూర్చుండబెట్టుకొని చదువు చెప్పెను. తరువాత నేను నెల్లూరు జిల్లా పల్లెలలో ముప్పది సంవత్సరములకు పైగా ఉపాధ్యాయుడనై పని చేసి విశ్రాంతి గైకొంటిని. శాస్త్రులవారు నాకు నేర్పిన మొదటి పాఠ మొకటి యున్నది: మాటకు అర్థము నిర్ణయింపక వాదమునకు దిగరాదు. ఆ పాఠమే నేడు నాకు దారి చూపుచున్నది.

గడచిన క్రిస్మసు పండుగకు నా పూర్వశిష్యు డొకడు జర్మనీ దేశమునుండి స్వగ్రామమునకు వచ్చినాడు. మ్యూనిక్ నగరమున ఇంజనీరుగా పని చేయుచున్నాడు. వాని తండ్రి మా సంఘములో పెద్ద. నాకు చిరకాల మిత్రుడు. పండుగనాటి రాత్రి భోజనముల వేళ మనుమరాలు తాతగారికి సెల్లుఫోనులో బొమ్మలు చూపుచుండెను. ఒక బొమ్మలో ఈ కుమారుడు చెట్లనీడను బల్ల యొద్ద కూర్చుండి యున్నాడు. ఎదుట నురుగు గట్టిన బీరుగ్లాసు. ప్రక్కను కూర్చుండి నవ్వుచున్నవాడు అక్కడి లూథరను సంఘపు పాదిరి. ఆయన యెదుటను అట్టి గ్లాసే. తండ్రి విస్తరి యెదుటనుండి లేచి, మాట లేక తన గదిలోనికి పోయి తలుపు మూసికొనెను. మఱునాడు కుమారునితో మాటలాడలేదు. మూడవనాడు కోడలు కన్నీళ్లతో మా యింటికి వచ్చి, "అయ్యవారూ, మామగారు మీ మాట తప్ప మఱెవరి మాటయు వినరు" అని చెప్పి పోయినది.

సాయంకాలమునకు తండ్రికొడుకు లిరువురును వచ్చిరి.

"అయ్యవారూ! త్రాగుబోతులకు దేవుని రాజ్యమున పాలు లేదని వాక్యము చెప్పుచున్నది గదా? మీరే తీర్పు చెప్పుడు" అని తండ్రి.

"అయ్యవారూ! నేను త్రాగుబోతును గాను. ఆదివారము భోజనముతో ఒక్క గ్లాసు. అది పాపమైనచో మా పాదిరిగారు ఏల త్రాగుదురు? ఏసుప్రభువు కానా పెండ్లిలో ఏమి చేసెను?" అని కుమారుడు.

ఇరువురును చెప్పిన మాటలు నిజములే. అందుచేత నేను ఎనిమిది దినములు గడువడిగితిని. ఆ యెనిమిది దినములలో చదివి, విచారించి తెలిసికొనిన సంగతులే నేడు మీతో చెప్పదలచినవి. ఆ యిరువురి అనుమతితో పేర్లు విడిచి చెప్పుచున్నాను.

ముందుగా వస్తువునే చూతము. బీరన నేమి? యవలను నానబెట్టి మొలకెత్తింతురు. మన యిండ్లలో రాగులు మొలకగట్టి మాల్టుపిండి చేయు విధమే యిది. మొలకెత్తు గింజలో పిండిని చక్కెరగా మార్చు గుణము పుట్టును. ఆ మొలకల నెండించి, వేడిచేసి, నలుగగొట్టి, వేడినీటిలో నానవేసినచో తియ్యని రసము దిగును. హాప్స్ అను తీగ పూవులు వేసి దానిని కాచుదురు. ఆ పూవులు చేదు నిచ్చును. రసము చెడకుండ కాపాడును. చల్లారిన పిమ్మట ఈస్టు అను సూక్ష్మజీవిని చేర్చిన, అది చక్కెరను తిని మద్యసారమును, బుడగల వాయువును పుట్టించును. మన తాటికల్లు పులియుటయు ఇట్టి సూక్ష్మజీవుల వలననే. సారాయి, బ్రాంది, విస్కీ అట్టివి కావు. అవి పులిసిన ద్రవమును బట్టీలో కాచి, ఆవిరిని పట్టి దింపినవి. కాబట్టి బీరు కల్లునకు చుట్టము. బ్రాంది సారాయికి చుట్టము. సాధారణమైన బీరులో నూటికి 4 మొదలు 6 పాళ్లు మద్యసార ముండును. మన దుకాణములలో స్ట్రాంగు అని అమ్మునది 8 పాళ్ల వఱకు పోవును. బ్రాందిలో సుమారు 43 పాళ్లు. ఈ లెక్క మఱల మనకు అవసరపడును.

ఇక వేదవాక్యము. అమరకోశమున మద్యమునకు పదికి మించిన పర్యాయపదము లున్నవి గాని, మన తెలుగు బైబిలులో ముఖ్యముగా కనబడునవి ద్రాక్షారసము, మద్యము అను రెండే. ఈ రెండవదానికి హీబ్రూ మూలమున శేకార్ అను మాట గలదు. ద్రాక్ష కాక ఇతర పదార్థములతో చేసిన మత్తుపానీయము దాని యర్థము. యవలతో చేసినదియు అందు చేరునని పలువురు పండితులు తలంతురు. ఐగుప్తులోను బాబిలోనులోను ఆ కాలమున యవల బీరు నిత్యపానీయము గదా.

వేద మీ విషయమున ఒక్క ముఖముతో మాటాడలేదు. ద్రాక్షారసము మనుష్యుని హృదయమునకు ఆనందము కలిగించు దేవుని వరమని కీర్తనకారుడు పాడెను. కానాలో ప్రభువు ఆఱు రాతిబానల నీటిని ద్రాక్షారసముగా మార్చెను. కడుపు జబ్బుతో బాధపడు తిమోతిని పౌలు కొంచెము ద్రాక్షారసము పుచ్చుకొమ్మనెను. ఇవి ఒక ప్రక్క. మఱియొక ప్రక్క నోవహు త్రాగి తన గుడారములో వస్త్రహీనుడై పడియుండెను. నాజీరు వ్రతము పట్టినవారు ద్రాక్షపండును సైతము ముట్టరాదు. రేకాబు వంశస్థులు తమ పితరుని మాట జవదాటక తరతరములు ద్రాక్షారసమును విడిచియుండగా, ప్రవక్తయైన యిర్మీయా వారి విశ్వాసమును ఇశ్రాయేలీయులకు మాదిరిగా చూపెను. బాప్తిస్మమిచ్చు యోహాను మద్యము ముట్టలేదు. కొరింథు సంఘములో ప్రభువు బల్ల యొద్దనే కొందఱు మత్తులగుట విని పౌలు మండిపడెను.

ఇన్నిటిని కూర్చి చూడగా నాకు తోచిన దిది: నిషిద్ధమైనది మత్తు, పాత్ర కాదు. అయితే కథ అక్కడితో ముగియలేదు. రోమా సంఘమునకు వ్రాయుచు పౌలు వేఱొక మెట్టు ఎక్కెను. నీకు చెల్లునదైనను, దానివలన నీ సహోదరుడు తొట్రిల్లునేని మానుకొనుటయే మేలని ఆయన బోధ. స్వాతంత్ర్యము సత్యమే, దానికి ప్రేమ అను కళ్లెము గలదు. ఈ రెండు మాటలలో ఒకదానిని పట్టుకొని రెండవదానిని విడిచినందుననే క్రైస్తవలోకమున ఇంత వివాదము.

ఈ పశ్చిమదేశపు పాదిరి చేతికి బీరుగ్లాసు ఎట్లు వచ్చెను? ఆఱవ శతాబ్దమున ఇటలీలో బెనెడిక్టు అను మహాత్ముడు సన్యాసి మఠములకు ఒక నియమావళి వ్రాసెను. అందులో 40వ అధ్యాయము పానముయొక్క కొలతను గూర్చినది. సన్యాసికి ద్రాక్షారసము తగదని పెద్ద లనుచున్నను, ఈ కాలపు సన్యాసులు ఆ మాట వినరు గనుక, కడుపార త్రాగక మితముగానైన త్రాగవలెనని ఆయన నిర్ణయము. దినమునకు ఒక హెమీనా, అనగా సుమారు పావు లీటరు చాలునని తలచెను. పూర్తిగా మానగల శక్తి దేవుడెవరి కిచ్చెనో వారికి ప్రత్యేకఫలము గలదనియు, ఏమియు దొరకని చోట సణగక దేవుని స్తుతింపవలెననియు చెప్పెను. ఈ తీర్పులోని నేర్పు చూడుడు. బలవంతుని కొనియాడెను, బలహీనుని త్రోసివేయలేదు, కొలతను మాత్రము ఇరువురికిని విడువలేదు.

ద్రాక్ష పండని ఉత్తరదేశములలో ఆ పాత్రలోనికి బీరు వచ్చెను. తొమ్మిదవ శతాబ్ది ఆరంభమున గీసిన ఒక మఠపు పటము స్విట్జర్లాండులోని సెయింట్ గాల్ గ్రంథాలయమున నేటికిని భద్రముగా నున్నది. అందు సన్యాసులకు, గొప్ప అతిథులకు, బీద యాత్రికులకు వేఱువేఱుగా బీరు కాచు ఇండ్లు చూపబడినవి. బీదవారికి రొట్టెతోపాటు బీరు పెట్టుటయు ధర్మకార్యముగా నెంచిరన్నమాట. పండ్రెండవ శతాబ్దమున హిల్డెగార్డు అను సన్యాసిని, హాప్స్ పూవులు పానీయములను చెడకుండ కాపాడునని వైద్యగ్రంథమున వ్రాసెను. 1516లో బవేరియా ప్రభువులు యవలు, హాప్స్, నీరు తప్ప మఱేమియు బీరులో కలుపరాదని శాసించిరి. నా శిష్యుడు నివసించు మ్యూనిక్ ఆ బవేరియాకే రాజధాని.

ఆ మఠముల పరంపర నేటికిని చావలేదు. బెల్జియములో సెయింట్ సిక్స్టస్ అను ట్రాపిస్టు మఠమున సన్యాసులు పందొమ్మిదవ శతాబ్దినుండి బీరు కాచుచున్నారు. ఎంత గిరాకి యున్నను వారు ఉత్పత్తిని పెంచరు. బ్రతుకుటకు కావలసినంతయే కాచుదురు. 1997లో ట్రాపిస్టు మఠములవారు ఒక సమాజముగా నేర్పడి మూడు కట్టుబాట్లు చేసికొనిరి: మఠపు ప్రాంగణములోనే కాచవలెను, సన్యాసుల చేతగాని, వారి పర్యవేక్షణముతో గాని జరుగవలెను, వచ్చిన ఆదాయము మఠపోషణమునకును, బీదల సహాయమునకును పోవలెను. మఱియొక సంగతి. వారు అమ్మునవి నూటికి 8, 10 పాళ్ల గట్టి బీరులైనను, మఠములలో సన్యాసులు తమ భోజనమునకు కాచుకొనునది తేలికయైనది. అమ్ముదానికంటె త్రాగునది పలుచన! ఇందులోని విరోధమును నేను దాచను. అందులోని వివేకమును కూడ చూడవలెను.

మార్టిన్ లూథరు సంగతియు ఇట్టిదే. 1525లో ఆయన పెండ్లాడిన కేథరీన విట్టెన్‌బర్గులోని పాత మఠమే తమ యిల్లుగా చేసికొని, అక్కడ బీరు స్వయముగా కాచెడిది. ఊరు విడిచి పోయినప్పుడు లూథరు ఇంటి బీరును తలచుకొని భార్యకు ఉత్తరము వ్రాసెను. ఆ లూథరే ప్రతి దేశమునకు ఒక దయ్యమున్నదనియు, జర్మనీ దేశపు దయ్యము త్రాగుడనియు మొగమాట లేక ప్రకటించెను. తన బల్ల మీది గ్లాసును చూచి తన దేశపు రోగమును మఱచిపోలేదు.

మఱి మన తెలుగు సంఘములలో బీరన్న మాటయే పాపమెట్లు అయ్యెను? దానికి ఇంగ్లండు, అమెరికాల చరిత్ర చూడవలెను. పదునెనిమిదవ శతాబ్దమున లండనులో జిన్ అను సారాయి బీదల కొంపలు కూల్చెను. 1751లో హోగార్తు అను చిత్రకారుడు రెండు బొమ్మలు అచ్చువేసెను. జిన్ వీథిలో తల్లి చేతినుండి బిడ్డ జాఱిపడుచున్నది. బీరు వీథిలో అందఱును పుష్టిగా, సంతోషముగా నున్నారు. ఆనాడు బీరు మితవర్తనమునకు మిత్రుడు! జాన్ వెస్లీ సారాయి అమ్మువారిని విషము పెట్టువారిగా నెంచెను గాని, బీరును నిషేధింపలేదు. మొదటి మద్యనిరోధ సమాజములును సారాయినే మానుమనెడివి.

1830లో ఇంగ్లండు ప్రభుత్వము, జిన్ తగ్గునను నాశతో, పన్ను కట్టు గృహస్థు డెవడైనను రెండు గినీలు చెల్లించి బీరు అంగడి పెట్టుకొనవచ్చునని చట్టము చేసెను. వేలకొలది అంగళ్లు లేచెను. కూలివాని వారపు కూలి శనివారము రాత్రికే బీరులో కరగిపోవుచుండెను. మిత్రుడనుకొన్నవాడు ఇంటిదొంగ యయ్యెను. అప్పుడు 1832లో ప్రెస్టన్ పట్టణమున జున్ను వర్తకుడైన జోసఫ్ లివ్సే మొదలైన ఏడుగురు, బీరుతో సహా సమస్త మద్యమును మానుదుమని ప్రతిజ్ఞ వ్రాసి సంతకము చేసిరి. 1838లో ఐర్లండులో ఫాదర్ మాథ్యూ అను రోమను కతోలిక సన్యాసి అట్టి ప్రతిజ్ఞను లక్షలాది జనులచేత చేయించెను. 1869లో అమెరికాలో వెల్చ్ అను మెథడిస్టు దంతవైద్యుడు, ప్రభువు బల్లకు పులియని ద్రాక్షరసము కావలెనని దానిని కాచి నిలువచేయు విధము కనుగొనెను.

మన నెల్లూరునకు అమెరికా బాప్టిస్టు మిషనరీలు 1840లోను, గుంటూరునకు లూథరను మిషనరీ హయ్యరుగారు 1842లోను వచ్చిరి. అమెరికాలో మద్యనిరోధ మహోద్యమము సాగుచున్న కాలమది. ఆ గాలి సువార్తతోపాటు మన పల్లెలకును సోకెను. ఇక్కడివారు దానిని గట్టిగా పట్టుకొనుటకు కారణము ఇక్కడనే యున్నది. కూలి చేసికొని బ్రతుకు పేటలలో సాయంకాలపు కల్లు, సారాయి పిల్లల గంజిని తినివేయుచుండెను. సంఘములో చేరుట అన్నను, త్రాగుడు మానుట అన్నను ఒకటే యయ్యెను. ఆ కట్టుబాటే అనేక కుటుంబములకు పొలమును, పలకను, పట్టాను ఇచ్చినది. దానిని చాదస్తమని నవ్వువాడు దాని చరిత్ర నెఱుగనివాడు.

ఈ తరమువారికి 1992 జ్ఞాపకముండును. మా జిల్లాలోని దూబగుంట గ్రామమున అక్షరాస్యత తరగతులలో చదువు నేర్చిన స్త్రీలు సారాయి అంగడిని మూయించిరి. ఆ నిప్పు ఊరూర అంటుకొనెను. 1993 అక్టోబరు 1న సారాయి నిషేధింపబడెను. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలింపబడెను. ఆ దినములలో నేను రాత్రిబడిలో లాంతరు వెలుగున స్త్రీలకు ఓనమాలు దిద్దించినవాడను. మద్యము విషయమున నేను ఎవరి పక్షమో మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

అయినను, అయ్యలారా, నా తప్పొకటి చెప్పవలసియున్నది. సుమారు ముప్పది యేండ్ల క్రిందట మా సంఘమున ఒక తాపీమేస్త్రి యుండెను. పట్టణములో ఒక మేడకు పైకప్పు వేసిన దినమున యజమాని విందు చేయగా, ఆ మేస్త్రి బీరు త్రాగుట మావా రెవరో చూచిరి. పెద్దలము కూడితిమి. ఇక అతడు ప్రభువు బల్లకు రారాదని తీర్మానించితిమి. ఆ తీర్మానము వ్రాసినవాడను నేనే. ఆదివారమున అందఱి యెదుట చదివినవాడను నేనే. చక్కని గ్రాంథికమున వ్రాసితినని ఆనాడు నాలో గర్వము సైతము కలిగెను. అతడు ఎంత త్రాగెను, ఎన్నిసార్లు త్రాగెను, ఇంట బాధ యున్నదా అని మాలో ఒక్కడును అడుగలేదు. ఆ దినముననే తలుపు మూసికొని బ్రాంది పుచ్చుకొను ధనవంతు డొకడు ముందుబల్ల మీద కూర్చుండి ఆ తీర్మానమును వినెను. ఆ సంగతి మాకు తెలియును. మేస్త్రి మఱల గుడి మెట్లెక్కలేదు. కొంతకాలమునకు వేఱొక యూరికి పనికి పోయి అక్కడ మరణించెను. క్షమింపుమని అడుగుటకు నాకు తరుణము దొరకలేదు. బెనెడిక్టు వ్రాసిన అధ్యాయమును ఈ మధ్య చదువునప్పుడు, ఆ మేస్త్రి ముఖమే నా కన్నులయెదుట నిలిచెను.

ఎనిమిదవనాటి సాయంకాలమున తండ్రికొడుకులు వచ్చిరి. నేను ముందుగా కుమారునితో లెక్క చేయించితిని. వాడు చిన్ననాడు లెక్కలలో గట్టివాడు. అరలీటరు గ్లాసు, నూటికి 5 పాళ్లు: 25 మిల్లీలీటర్ల మద్యసారము, తూకమున సుమారు 20 గ్రాములు. శరీరము గంటకు ఏడెనిమిది గ్రాములు మాత్రమే కరగింపగలదు. కాబట్టి ఆ గ్లాసునకు రెండున్నర గంటలు పట్టును. మన యూరిలో అమ్ము 650 మిల్లీలీటర్ల స్ట్రాంగు సీసా, 8 పాళ్లు: 52 మిల్లీలీటర్లు, సుమారు 41 గ్రాములు. "బీరే గదా" అని సీసా ముగించినవాడు నీ గ్లాసులు రెండు త్రాగినవాడు. పేరు ఒక్కటే, కొలత వేఱు. మన దేశపు చట్టమున వాహనము నడుపువాని రక్తము 100 మిల్లీలీటర్లలో 30 మిల్లీగ్రాములకు మించి మద్యసార ముండరాదు. మఱియు మద్యము క్యాన్సరు కలిగించు పదార్థమని అంతర్జాతీయ పరిశోధనసంస్థ 1988లోనే నిర్ణయించెను. ఆరోగ్యమునకు హాని లేని కొలత యేదియు లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023 జనవరిలో ప్రకటించెను. తిమోతి కడుపు పేరు చెప్పి బీరును మం దనుకొనుటకు ఇక వీలు లేదు. త్రాగువాడు ఆనందమునకు త్రాగుచున్నానని ఒప్పుకొని, దాని వెల తెలిసియే త్రాగవలెను.

తరువాత తండ్రి వైపు తిరిగి, "పెద్దయ్యా, భోజనముతో ఒక్క గ్లాసు త్రాగి, దేవునికి స్తోత్రము చెప్పి లేచినవానిని త్రాగుబోతని వేదము పిలువలేదు. వేదము వేయని శిక్ష మనము వేయరాదు. ఒకసారి వేసి నేను పశ్చాత్తాపపడుచున్నాను" అంటిని.

ఆయన చాలసేపు మాటాడలేదు. పిమ్మట కుమారుని వైపు చూడకయే ఇట్లనెను: "నాయనా, నేను నీకు చెప్పని మాట యున్నది. 1992లో ఈ యూరి సారాయి అంగడికి అడ్డము నిలిచిన స్త్రీలలో మీ యమ్మ మొదటిది. ఆమె అడ్డగించినది మఱెవరినో కాదు, నన్నే. అంతకు ముందు వారమే ఆమె కాళ్ల కడియములు అమ్మి త్రాగితిని. నీవు రెండేండ్ల బిడ్డవు. ఒక గ్లాసుతో ఆగువా రున్నారని అయ్యవారు చెప్పుచున్నారు, ఉండవచ్చును. నేను ఆగలేదు. నా రక్తమే నీలో నున్నది. ఆ బొమ్మలో నేను చూచినది నిన్ను గాదు, నన్ను."

కుమారుడు లేచి తండ్రి ప్రక్కను కూర్చుండెను. ప్రతిజ్ఞ యేమియు చేయలేదు, నేనును చేయమనలేదు. "నాన్నా, ఈ యింట ఈ యూర నేను ముట్టను. అక్కడ కూడ మీ మాట తలచుకొందును" అని మాత్రమనెను. ఆ రాత్రి ఇరువురును ఒక్క పంక్తిని భోజనము చేసిరని కోడలు కబురు పంపినది. అక్కడ వాడు ఏమి చేయుచున్నాడో నేనింతవఱకు అడుగలేదు. తండ్రి త్రాగుడు బిడ్డలకు వంశపారంపర్యముగా కొంత ప్రమాదము తెచ్చునని వైద్యులు చెప్పుదురు. వానికిప్పుడు ఆ సంగతి తెలిసినది. తెలిసినవానికి మితము కొంత సులభము.

ఇక నా విన్నపము సంగ్రహముగా చెప్పి ముగింతును. మన పల్లెలలో నున్నవారికి నా సలహా పూర్తిగా మానుడనియే. ఇక్కడ ఒకని గ్లాసు ప్రక్కవాని యింట నిప్పు. మానినవాడు మానని వానిని తక్కువగా చూడకుండుట యొక్కటే అతనికి మిగిలిన పరీక్ష. ఇతర దేశములలో, భోజనముతో బీరు ఆచారమైన చోట నున్న మన బిడ్డలకు ఇట్లు చెప్పుడు: సీసా మీది పాళ్లు చదివి లెక్క కట్టుము. ఆకలి కడుపుతో త్రాగకుము, దుఃఖము మఱచుటకు త్రాగకుము, ఒంటరిగా త్రాగకుము. త్రాగిన దినమున వాహనము ముట్టకుము. మానిన వానిని బలవంతపెట్టకుము. మానుటకు పెనగులాడువాని యెదుట త్రాగకుము. ఇంటి ఖర్చు సొమ్ము తాకకుము. ఏటికొక నలువది దినములు పూర్తిగా విడిచి చూడుము; విడువలేకపోతివేని అది నీ చేతిలోని గ్లాసు కాదు, దాని చేతిలోని నీవు. అట్టివానికి మితమను మాట పనికిరాదు. వైద్యుని యొద్దకును, సంఘము యొద్దకును పోవలెను. అప్పుడు మనము తలుపు తెఱచి యుంచవలెను.

దేవుని వరమును కృతజ్ఞతతో పుచ్చుకొనుట భక్తి. సహోదరుని కొఱకు దానిని విడుచుటయు భక్తియే. వీనిలో ఏది యెప్పుడు చేయవలెనో తెలియుటకు ప్రక్కవాని ముఖము చూడవలెను. మేము ఆ మేస్త్రి ముఖము చూడలేదు. మీరు చూడుడని కోరుచు సెలవు గైకొనుచున్నాను.